పాదచారుల రక్షణ చట్టాలు: ఆలూరు రోడ్డు నుంచి సియాటిల్ కూడలి దాకా

రోడ్డు దాటే మనిషి కోసం వాహనం ఆగాలనే నియమం, ఆగనివాడికి పడే శిక్ష, దెబ్బ తగిలితే బాధితుడికో పోయినవారి కుటుంబానికో దక్కే పరిహారం: ఈ మూడూ కలిస్తే పాదచారుల రక్షణ చట్టం అవుతుంది. మన దేశంలో ఈ పేరుతో విడిగా ఒక చట్టం లేదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో కొన్ని సెక్షన్లు, 2017 డ్రైవింగ్ రెగ్యులేషన్లలో కొన్ని వాక్యాలు, భారతీయ న్యాయ సంహితలో రెండు మూడు నేరాలు, ఇంజనీర్లు వాడుకునే ప్రమాణాల పుస్తకాలు, సుప్రీంకోర్టు ఆదేశాలు... ఇలా నలుమూలలా చెదిరి ఉంది. చెదిరిన చట్టాన్ని తెలిసినవాడే ఏరుకోగలడు. నడిచేవాళ్లలో ఎక్కువమందికి ఆ తీరిక గానీ వకీలును పెట్టుకునే స్తోమత గానీ ఉండవు. అందుకే ఈ వ్యాసం వాటిని ఒక ఊరి రోడ్డు మీద నిలబెట్టి చూస్తుంది. ఆ ఊరు కర్నూలు జిల్లా ఆలూరు.

చుట్టూ ఇనుప తొడుగు లేకుండా రోడ్డు మీదికి వచ్చే ప్రతి ఒక్కరినీ రోడ్డు భద్రత నిపుణులు ఒకే కోవలో చేరుస్తారు. నడిచేవారు, సైకిలు తొక్కేవారు, మోటారు సైకిలు మీద పోయేవారు, చక్రాల కుర్చీలో కదిలేవారు ఈ కోవలోకి వస్తారు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నడిచిపోతున్నవారు 32,825 మంది, ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు 74,897 మంది. ఈ రెండు వర్గాలే కలిపి వందకు 64 మంది. పాదచారులను మాత్రమే లెక్కగడితే రోజుకు సుమారు 90 మంది. కారులో కూర్చున్నవాడి కోసం సీటు బెల్టు, గాలి సంచి పెట్టారు. రోడ్డు దాటేవాడి ఒంటి మీద ఉన్నది ఒక చొక్కా మాత్రమే. అతనికి మిగిలిన కవచం చట్టం ఒక్కటే.

ఆలూరు రోడ్డు, దాని మీద నడిచేవాళ్లు

ఆలూరు కర్నూలు జిల్లా పడమటి కొసన ఉన్న మండల కేంద్రం, శాసనసభ నియోజకవర్గ కేంద్రం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఇది బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. ఆ రోజు ఆదోనితో పాటు ఇటువైపు వచ్చింది. ఊరి గుండా పోయే పెద్ద రోడ్డు ఈనాటి 167వ జాతీయ రహదారి. బళ్లారి దగ్గరి హగరిలో మొదలై ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు మీదుగా రాయచూరు వైపు సాగి, మహబూబ్‌నగర్ దాటి కోదాడ దాకా పోతుంది. లారీ డ్రైవరుకు అది రెండు రాష్ట్రాల నడుమ దారి. ఆలూరువాళ్లకు అదే బజారు వీధి, బడికి పోయే తోవ, బస్టాండుకు దాటాల్సిన రస్తా. ఒకే తారు రోడ్డుకు రెండు బతుకులున్నాయన్నమాట. సమస్య అంతా అక్కడే పుడుతోంది.

ఈ సీమలో నడక సరదా కాదు, బతుకు తెరువు. పొద్దున్నే టమాటా కోతకు, పత్తి చేలకు గుంపులుగా పోయే ఆడవాళ్లు రోడ్డు అంచు పట్టుకునే నడుస్తారు. మేత వెతుక్కుంటూ గొర్రెల మందలు రోడ్డు దాటుతాయి. ముందు ఒకడు, వెనక ఒకడు కట్టె పట్టుకుని నిలబడితే తప్ప మంద దాటదు. ఆ కాసేపూ ఆ ఇద్దరే సిగ్నలు దీపాలు. వానలు మొగం చాటేసిన ఏడు ఆలూరు, ఆదోని పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. సంసారాలు మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప కోతలకు, తెలంగాణ పత్తి చేలకు పోతాయి. దీన్నే ఇక్కడ సుగ్గికి పోవడం అంటారు. ముసలివాళ్లూ పిల్లలూ వెంట ఉంటారు. అలవాటు లేని ఊళ్లలో, పేరు తెలియని హైవేల పక్కన గుడారాలు వేసుకుని, నీళ్లకూ కిరాణా కొట్టుకూ ఆ హైవేనే దాటుతుంటారు. పాదచారుల చట్టం గురించి రాసేవాళ్లు నగరం కూడలిని తలచుకుంటారు గానీ, ఈ గుడారం ముందర ఉన్న రోడ్డును తలచుకున్నవాళ్లు అరుదు.

భక్తి నడక వేరే ఉంది. ఉగాదికి ముందు కన్నడ సీమ నుంచి వేలమంది భక్తులు శ్రీశైల మల్లన్న కోసం కర్నూలు జిల్లా రోడ్ల మీదుగా కాలినడకన పోతారు. ఎండకు ఓర్వలేక చాలామంది రాత్రిపూట నడుస్తారు. దసరా రాత్రి హొళగుంద మండలం దేవరగట్టుకు మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవం కోసం చుట్టుపక్కల ఊళ్ల జనం దివిటీలతో కదులుతారు. అలాంటి రాత్రుల్లో పోలీసులు వాహనాలను మళ్లిస్తారు. ఏడాదిలో మిగిలిన రోజుల్లో మాత్రం నడిచేవాడే పక్కకు తప్పుకోవాలి.

గీత ఎలా పుట్టింది

రోడ్డు మీద పాదచారి కోసం ప్రత్యేకంగా ఒక చోటు గుర్తించే పద్ధతి బ్రిటన్‌లో స్థిరపడింది. 1934 చట్టంతో రవాణా మంత్రి లెస్లీ హోర్-బెలీషా దాటుచోట్లను ఏర్పాటు చేయించారు. వాటి పక్కన నలుపు తెలుపు పట్టీల స్తంభం, దాని మీద నారింజ రంగు గోళం ఉండేవి. ఇక్కడ గమనించాల్సింది, జనావాసాల్లో గంటకు 30 మైళ్ల వేగ పరిమితిని కూడా ఆ చట్టమే తెచ్చింది. దాటుచోటు, వేగానికి కళ్లెం కవల పిల్లల్లా పుట్టాయి. తర్వాత చాలా దేశాలు మొదటిదాన్ని తీసుకుని రెండోదాన్ని వదిలేశాయి. రోడ్డు మీద కొట్టిన మేకుల వరుసలు దూరం నుంచి కనబడటం లేదని 1949లో పట్టీలు గీసి పరీక్షించారు. 1951 నుంచి జీబ్రా గీతలకు చట్టబద్ధత వచ్చింది. పట్టీలు అందం కోసం వచ్చినవి కావు, డ్రైవరు కంటికి దూరం నుంచే ఆనాలని వచ్చినవి. ఎర్రమట్టి దుమ్ము కప్పేసిన గీత, టైర్లకు అరిగిపోయిన గీత ఆ పని చేయలేవు.

మన చట్టంలో ఏముంది

స్వాతంత్ర్యానికి ముందరి 1939 మోటారు వాహనాల చట్టం స్థానంలో 1988 చట్టం వచ్చి, 1989 జులై 1 నుంచి అమలైంది. దాని 118వ సెక్షను కింద అదే ఏడాది రోడ్డు నియమాల రెగ్యులేషన్లు చేశారు. కూడలి, మలుపు, పాదచారులు దాటే చోటు దగ్గరికి వచ్చినప్పుడు డ్రైవరు నెమ్మదించాలని అవి చెప్పాయి. నెమ్మదించమన్నాయి, అంతే. వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్లు ఆ మాటను మార్చాయి. సిగ్నలు గానీ పోలీసు గానీ లేని దాటుచోటు దగ్గర డ్రైవరు వేగం తగ్గించి, ఆగి, పాదచారులకూ చక్రాల కుర్చీలో ఉన్నవారికీ దారి ఇవ్వాలి. ముందర వాహనాలు నిలిచిపోయి ఉంటే దాటుగీతల మీదికి పోయి అడ్డంగా నిలబడకూడదు. కాలిబాట మీద, సైకిలు బాట మీద బండి నడపకూడదు. పాదచారులు, సైకిలువారు, పిల్లలు, వృద్ధులు, వికలాంగులు వంటివారి పట్ల ప్రత్యేక జాగ్రత్త వహించాలని కూడా ఉంది. ‘నెమ్మదించు’ అన్న మాట ‘ఆగు’ అని మారడానికి మనకు 28 ఏళ్లు పట్టింది. మారిన సంగతి స్టీరింగు పట్టినవాళ్లలో చాలామందికి ఈనాటికీ చేరలేదు.

ఆగకపోతే ఏమవుతుంది? 2019 సవరణతో వచ్చిన 177ఎ సెక్షను ప్రకారం ఈ రెగ్యులేషన్లను ఉల్లంఘిస్తే 500 నుంచి 1,000 రూపాయల జరిమానా. నడిపిన తీరు ప్రమాదకరమైతే 184వ సెక్షను కింద మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను మొదటి ఉపవిభాగం కింద ఐదేళ్ల దాకా శిక్ష. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్లే ఉండేది. గుద్ది, పోలీసులకు గానీ మేజిస్ట్రేటుకు గానీ చెప్పకుండా పారిపోయినవాడికి పదేళ్ల దాకా అని రెండో ఉపవిభాగం రాశారు. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు దేశవ్యాప్తంగా ఆందోళన చేయడంతో, జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు ఈ ఒక్క భాగాన్ని పక్కన పెట్టారు. డ్రైవర్ల భయంలోనూ న్యాయముంది. ఆగితే జనం కొడతారేమోనన్నది వాళ్ల బాధ. ఆ భయాన్ని తీర్చే ఏర్పాటు చేయకుండా శిక్షను పెంచినా, తగ్గించినా రోడ్డు మీద పడి ఉన్నవాడికి ఒరిగేది లేదు. గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చే బాధ్యత డ్రైవరుదేనని మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ఎప్పటినుంచో చెబుతోంది. సాయపడినవారిని పోలీసులు గానీ కోర్టులు గానీ వేధించకూడదని 134ఎ చెబుతోంది.

ఈ నియమాలన్నింటిలో ఒక పెద్ద ఖాళీ ఉంది. ‘ఆగాలి’ అన్న బాధ్యత దాటుచోటుకు ముడిపడి ఉంది. దాటుచోటు అంటే ఆచరణలో గీతలు వేసిన చోటు. గీత లేకపోతే డ్రైవరు మీద సాధారణ జాగ్రత్త తప్ప ‘ఇక్కడ ఆగి తీరాలి’ అన్న ఖచ్చితమైన విధి మిగలదు. నగరంలో వంద గజాలకొక గీత ఉండవచ్చు. ఆలూరు లాంటి ఊళ్ల రోడ్ల మీద ఆ గీత ఎక్కడో ఒక చోట ఉంటే ఉన్నట్టు. హక్కు మనిషితో పుట్టడం లేదు, రంగు డబ్బాతో పుడుతోంది. కుంచె ఎవరి చేతిలో ఉందో ఆ ఇంజనీరు గీసిన చోటే నడిచేవాడికి హక్కు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడం కష్టమేమీ కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర చట్టం ప్రకారం రోడ్లు కలిసే ప్రతి కూడలీ దాటుచోటే, గీత ఉన్నా లేకున్నా. మన రెగ్యులేషన్లలో అలాంటి ఒక్క వాక్యం చేరిస్తే, ఆలూరు బజారులో సందు వచ్చి రహదారిలో కలిసే ప్రతి చోటా ఆ హక్కు రాత్రికి రాత్రే పుడుతుంది. సున్నానికి పైసా ఖర్చు కాదు.

ఆదోని అమ్మాయి, సియాటిల్ కూడలి

వాషింగ్టన్ పేరు ఎత్తగానే ఈ ప్రాంతంవాళ్లకు గుర్తొచ్చేది వేరే విషయం. ఆలూరు పక్కనే ఉన్న ఆదోని నుంచి ఎమ్మెస్ చదవడానికి వెళ్లిన కందుల జాహ్నవి, 2023 జనవరి 23 రాత్రి సియాటిల్ నగరంలో డెక్స్‌టర్ అవెన్యూ, థామస్ స్ట్రీట్ కలిసే కూడలిలో రోడ్డు దాటుతూ పోలీసు కారు గుద్ది చనిపోయింది. ఆమెకు 23 ఏళ్లు. నార్త్‌ఈస్టర్న్ విశ్వవిద్యాలయం సియాటిల్ ప్రాంగణంలో చదువుతోంది. అక్కడ గీతలున్నాయి. ఆమె గీతల మీదే ఉంది.

మాదకద్రవ్యం మోతాదు మించిందన్న అత్యవసర పిలుపు మీద పోతున్న ఆ పోలీసు, గంటకు 25 మైళ్ల పరిమితి ఉన్న వీధిలో 74 మైళ్ల వేగం అందుకున్నాడు. మన లెక్కలో 40 కిలోమీటర్లు ఉండాల్సిన చోట 119. గుద్దే క్షణానికి కూడా కారు వేగం గంటకు వంద కిలోమీటర్లు దాటే ఉంది. అత్యవసర వాహనాలకు వేగ పరిమితి నుంచి ఆ రాష్ట్ర చట్టం మినహాయింపు ఇస్తుంది. అయితే అందరి భద్రతనూ తగినంతగా పట్టించుకోవాలన్న షరతుతోనే ఇస్తుంది. ప్రమాదానికి కారణం ఆ వేగమేనని పోలీసు శాఖ దర్యాప్తే తేల్చింది. అయినా తెలిసి తెలిసి ప్రాణాలను లెక్కచేయలేదని నిరూపించే సాక్ష్యం చాలదంటూ కింగ్ కౌంటీ ప్రాసిక్యూటరు 2024 ఫిబ్రవరిలో క్రిమినల్ కేసు పెట్టలేదు.

మిగిలింది వాషింగ్టన్‌లోని మరో చట్టం. రోడ్డు మీద రక్షణ లేనివారిని నిర్లక్ష్యంగా గుద్దితే వర్తించే నిబంధన అది. అలాంటి చట్టాన్ని అమెరికాలో మొదట ఒరెగాన్ రాష్ట్రం 2007లో చేసింది. వాషింగ్టన్ 2011లో చేసి, 2012 జులై నుంచి అమలు చేసింది. ఎవరెవరు దీని కిందికి వస్తారో చట్టంలోనే పేరుపేరునా రాశారు. నడిచేవారు, సైకిలువారు, మోటారు సైకిలువారు, జంతువు మీద స్వారీ చేసేవారు, కప్పు లేని ట్రాక్టరు నడిపేవారు కూడా ఆ జాబితాలో ఉన్నారు. ట్రాక్టరు పేరు చదివినప్పుడు కర్నూలు రోడ్ల మీద తిరిగేవాడికి అది తన పేరే అనిపిస్తుంది. ఎద్దుల బండి తోలేవాడు, గొర్రెలు కాసేవాడు మన రెగ్యులేషన్లలోని ప్రత్యేక జాగ్రత్త వాక్యంలో పేరుతో లేరు. ‘వంటివారు’ అన్న మాటలో ఇరుక్కుని ఉండాలి. అయితే ఆ చట్టం కింద ఆ పోలీసుకు ఇచ్చింది 5,000 డాలర్ల జరిమానా నోటీసు. అదే గరిష్ఠం. ఆ నిబంధన కింద అది నేరం కూడా కాదు, ట్రాఫిక్ ఉల్లంఘన మాత్రమే. 2025 జనవరి 1 నుంచి వాషింగ్టన్ ఇలాంటి నిర్లక్ష్యపు మరణాన్ని ఏడాదికి ఒకరోజు తక్కువ దాకా జైలు పడగల నేరంగా మార్చింది. జాహ్నవి విషయంలో అది వర్తించలేదు.

ఆమె మరణం గురించి ఫోనులో నవ్వుతూ, ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదన్నట్టు మాట్లాడిన మరో పోలీసు అధికారి గొంతు అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయింది. 2023 సెప్టెంబరులో అది బయటికి వచ్చాక ఆదోని నుంచి అమెరికా తెలుగు సంఘాల దాకా మనసు విరిగిపోయింది. అతన్ని 2024 జులైలో, కారు నడిపిన పోలీసును 2025 జనవరిలో ఉద్యోగాల్లోంచి తీసేశారు. గీత ఉంది, దీపాలున్న వీధి ఉంది, బలహీనుల కోసం ప్రత్యేక చట్టం ఉంది. అవన్నీ ఉన్న ఊళ్లోనే మన బిడ్డ పోయింది. గీత గీయడంతో పని అయిపోయిందనుకునే ప్రతి అధికారీ ఈ కేసు చదవాలి.

వేగం లెక్క

ఆలూరు లాంటి చోట రెండు వరుసల రోడ్డు తారు వెడల్పు సాధారణంగా 7 మీటర్లు. మన ఇంజనీర్లు సిగ్నళ్లు లెక్కగట్టేటప్పుడు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని పట్టుకుంటారు. అంటే దాటడానికి ఆరు సెకన్లు. ఆ ఆరు సెకన్లలో గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సుమారు 117 మీటర్లు వచ్చేస్తుంది. కాబట్టి మొదటి అడుగు వేసేటప్పుడు కనీసం అంత దూరం ఖాళీగా కనబడాలి. నెత్తిన మూట, చంకన బిడ్డ, చేతిలో కట్టె ఉన్న అవ్వ సెకనుకు 0.8 మీటర్ల కంటే వేగంగా పోలేదు. ఆమెకు తొమ్మిది సెకన్లు, 175 మీటర్లు కావాలి. బస్సు పక్కన బస్సు, ఆటో పక్కన ఆటో నిలబడే చోట అంత దూరం చూపు ఎక్కడ ఆనుతుంది? ‘చూసి దాటరాదా’ అని ఆమెను తిట్టేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

70 అనే అంకె ఊరికే తీసుకున్నది కాదు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం నిర్ణయించిన గరిష్ఠ వేగాల ప్రకారం పురపాలక పరిధి రోడ్ల మీద, ఇతర మామూలు రోడ్ల మీద కార్లకు ఇచ్చిన హద్దు అదే. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దితే పెద్దవాళ్లు చనిపోయే అవకాశం నూటికి ఇరవై లోపు, 80 అయితే అరవైకి దగ్గర అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నడిచేవాళ్లూ బండ్లూ కలిసే చోట వేగం 30కి మించకూడదన్నది అదే సంస్థ సిఫారసు, 2020 స్టాక్‌హోం ప్రకటన సారం కూడా. కేంద్రం ఇచ్చినది పై హద్దు మాత్రమే. 112వ సెక్షను కింద రాష్ట్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన వారు ఒక ఊరికి, ఒక బడి ముందరి ముక్కకు తక్కువ వేగం నిర్ణయించి బోర్డు పెట్టవచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ఉత్తర్వు, నాలుగు బోర్డులు చాలు. బోర్డు ఒక్కటే బండిని ఆపదు కాబట్టి, దాటుగీతనే స్పీడ్ బ్రేకరు ఎత్తుకు లేపి బల్లపరుపుగా కట్టే పద్ధతి ఉంది. మనిషి దాని మీద నడిచి దాటుతాడు, చక్రం దాని ముందు నెమ్మదించక తప్పదు. నా మటుకు నాకు పల్లె రోడ్డుకు ఇంతకంటే నమ్మకమైన పోలీసు లేడు.

పరిహారం: తెలియక పోగొట్టుకునే హక్కు

శిక్ష సంగతి పోలీసులదీ కోర్టుదీ. పరిహారం సంగతి మాత్రం కుటుంబమే పట్టించుకోవాలి. పాదచారి కేసుల్లో బీమా కంపెనీ వకీలు మొదట చెప్పే మాట ఒకటే: చూసుకోకుండా అడ్డం వచ్చాడు. అక్కడ జీబ్రా గీత లేదు కాబట్టి దాటడమే తప్పని వాదిస్తారు. గీత వేయనిది ప్రభుత్వం, తప్పు మోసేది చచ్చిపోయినవాడు. దీనికి విరుగుడుగా మోటారు వాహనాల చట్టంలో 164వ సెక్షను ఉంది. ఎవరి తప్పో నిరూపించే పని లేకుండా, మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు వాహన యజమాని లేదా బీమా కంపెనీ ఇవ్వాలి. తప్పు నిరూపించగలిగితే 166వ సెక్షను కింద సంపాదన, వయసు లెక్కగట్టి అంతకంటే ఎక్కువ అడగవచ్చు. 1987లో గుజరాత్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు, మోటారు బండ్ల ముందు పాదచారి నిస్సహాయతను గుర్తించి, తప్పుతో పనిలేని బాధ్యతను సమర్థించింది.

సుగ్గికి పోయే ఇళ్లవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. మనిషి గుంటూరు దగ్గర పోయినా, కేసు అక్కడే వేయాలని లేదు. ప్రమాదం జరిగిన చోట, కుటుంబం కాపురముండే చోట, వాహన యజమాని ఉండే చోట, ఈ మూడింటిలో ఏ ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనైనా వేసుకోవచ్చని 166వ సెక్షనే చెబుతోంది. అంటే కేసును కర్నూలు జిల్లాలోనే నడిపించుకోవచ్చు. ఆరు నెలల్లోగా అర్జీ పెట్టాలన్న గడువును 2019 సవరణ తెచ్చింది. దాని చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో సవాలు నడిచింది గానీ, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకూడదు. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే 161వ సెక్షను ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అంతకు ముందు ఇవి 25 వేలు, 12,500 మాత్రమే. ఈ అర్జీ కోర్టులో కాకుండా రెవెన్యూ అధికారుల దగ్గర మొదలవుతుంది, మంజూరు కలెక్టరు స్థాయిలో. 2025 మే 5 నుంచి మరొకటి చేరింది: ప్రమాద బాధితుడికి గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, 1.5 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా వైద్యం.

ఫ్రాన్స్ 1985 జులై 5న ఒక అడుగు ముందుకు వేసింది. బాదింతేర్ చట్టం అని పిలిచే ఆ చట్టం ప్రకారం, పాదచారి తప్పు చేశాడన్న కారణంతో అతని శరీర గాయాలకు పరిహారం కోయడానికి దాదాపు వీల్లేదు. పదహారేళ్ల లోపువాళ్లకు, డెబ్బై దాటినవాళ్లకు రక్షణ ఇంకా గట్టిది. బండి తెచ్చినవాడు ప్రమాదాన్ని కూడా రోడ్డు మీదికి తెచ్చాడు, కాబట్టి బరువు అతనే మోయాలన్నది దాని వెనక ఆలోచన. బ్రిటన్ హైవే కోడ్‌లో 2022 జనవరి 29 నుంచి ఇదే ఆలోచన మరో రూపంలో వచ్చింది. ఎక్కువ హాని చేయగల బండికి ఎక్కువ బాధ్యత. కూడలిలో దాటేవాళ్లకే కాదు, దాటడానికి అంచున ఎదురు చూసేవాళ్లకూ దారి ఇవ్వాలి.

కాలిబాట కూడా ప్రాణహక్కే

కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు ఎస్. రాజశేఖరన్ 2012లో వేసిన పిటిషను మన రోడ్డు భద్రత చరిత్రను మలుపు తిప్పింది. విరిగిన ఎముకలు అతికించే వైద్యుడే, అవి విరగకుండా చూడమని కోర్టుకు పోవడం మన వ్యవస్థ గురించి చాలా చెబుతుంది. ఆ కేసులోనే 2014లో జస్టిస్ కె.ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. 2025 మే 14న జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్ ధర్మాసనం, అడ్డంకులు లేని కాలిబాట మీద నడవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. వికలాంగులు కూడా వాడుకోగలిగేలా కాలిబాటలు ఉండాలని, ఆక్రమణలు తొలగించాలని ఆదేశించింది. అదే ఏడాది అక్టోబరు 7న కోర్టు మళ్లీ జోక్యం చేసుకుని, మోటారు వాహనాల చట్టం 138(1ఎ), 210డి సెక్షన్ల కింద నియమాలు చేయడానికి రాష్ట్రాలకు ఆరు నెలల గడువు పెట్టింది.

ఈ 138(1ఎ)ను జాగ్రత్తగా చదవాలి. మోటారు లేని వాహనాలు, పాదచారులు బహిరంగ స్థలాల్లోకి, జాతీయ రహదారుల మీదికి రావడాన్ని, అక్కడ వాళ్ల కదలికలను క్రమబద్ధం చేసే నియమాలను రాష్ట్రం చేయవచ్చంటుంది ఆ సెక్షను. ఆ అధికారంతో నడిచేవాడికి సురక్షితమైన దారి కట్టవచ్చు. అదే అధికారంతో, హైవే దాటినందుకు కూలి మనిషికి జరిమానా కూడా వేయవచ్చు. కాలిఫోర్నియా 2023 జనవరి నుంచి, ప్రమాదం లేనప్పుడు గీత లేని చోట దాటినవారికి జరిమానాలు వేయడం మానేసింది. గీతలే లేని మన ఊళ్లలో ఆ దారిలోనే పోవాలి. ఆంధ్రప్రదేశ్ చేసే నియమాలు దాటేవాణ్ని నేరస్తుణ్ని చేయకుండా, దాటించే బాధ్యతను రోడ్డు కట్టినవాడి మీద పెట్టాలి.

రోడ్డు కట్టినవాడి బాధ్యత గురించి చట్టంలో మాట ఉంది. 198ఎ సెక్షను ప్రకారం రూపకల్పన, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాలు పాటించక మరణమో వైకల్యమో కలిగితే సంస్థకు, గుత్తేదారుకు, సలహాదారుకు లక్ష రూపాయల దాకా జరిమానా. ప్రమాణాలు ఏవంటే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుస్తకాలున్నాయి. పాదచారుల సదుపాయాలకు 103వ సంఖ్య పుస్తకం 1988లో వచ్చి, 2012లోనూ తర్వాతా సవరణ పొందింది. కాలిబాట మీద అడ్డు లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలంటుంది. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా పోవడానికి చాలే వెడల్పు అది. ఆలూరు రోడ్డు అంచున ఆ 1.8 మీటర్లు ఎక్కడుందో వెతికితే తోపుడు బండ్లు, నిలబెట్టిన ఆటోలు, మురుగు కాలువ బండలు కనబడతాయి. తోపుడు బండి వాడినే దొంగగా చూడటం తప్పు. అతనికీ 2014 వీధి వ్యాపారుల చట్టం చోటు చూపమంటోంది.

జాతీయ రహదారుల మీద చికిత్సకు ఒక కొలత పెట్టారు. సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణమో తీవ్ర గాయమో కలిగించిన ఐదు ప్రమాదాలు జరిగితే, లేదా పదిమంది చనిపోతే, దాన్ని బ్లాక్ స్పాట్‌గా గుర్తిస్తారు. నలుగురు పోయిన చోటు ఆ కొలత అందుకోకపోవచ్చు. చిన్న ఊళ్లకు ఈ కొలత అన్యాయం చేస్తుంది. శవాల లెక్క కాకుండా బడి, బస్టాండు, ఆసుపత్రి, సంత ఎక్కడున్నాయో చూసి గీత వేయాలి.

ఎవరిని అడగాలి

జాతీయ రహదారి మీద గీతలు, ఎత్తు దాటుబాటలు, బోర్డులు రహదారిని చూసే జాతీయ రహదారుల విభాగం పని. ఊరి వీధులు పంచాయతీవి. వేగం తగ్గింపు ఉత్తర్వుకు రవాణా శాఖ, పోలీసుల సిఫారసు కావాలి. వీటన్నింటినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టేది జిల్లా రోడ్డు భద్రతా కమిటీ. మోటారు వాహనాల చట్టం 215వ సెక్షను కింద ఏర్పడే ఈ కమిటీకి కలెక్టరు అధ్యక్షత వహిస్తారు. నోటిమాట అక్కడిదాకా పోదు. బడి ముందరి రోడ్డు ఫొటో, పిల్లలు దాటే వేళలు, జరిగిన ప్రమాదాల తేదీలు, పక్కన 103వ సంఖ్య ప్రమాణాల పుస్తకం పేరు రాసి ఇస్తే అది కాగితం అవుతుంది. కాగితానికి జవాబు రాయక తప్పదు.

ఆలూరు ప్రధానోపాధ్యాయులకు, స్వయం సహాయక సంఘాల అక్కలకు, వార్డు సభ్యులకు నా విన్నపం: సోమవారం కర్నూలు కలెక్టరేటులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతుంది. బడి గేటు ముందర ఒక ఎత్తు దాటుబాట, బస్టాండు దగ్గర ఒకటి, ఊరి రెండు కొసల్లో 30 వేగం బోర్డులు కోరుతూ అర్జీ రాయండి. రసీదు తీసుకుని దాచుకోండి. మూడు నెలల్లో పని కాకపోతే, ఆ రసీదు నంబరు వేసి మళ్లీ రాయండి.